కోడు వ్రాయు చేయి, జట్టును నడుపు చేయి

(శతజయంతి కూటములలో ఉద్యోగస్థుల సదస్సునందు చదివిన ప్రసంగ పాఠము)



ఈ సదస్సులో ఉపాధ్యాయులు తమ పనినిగూర్చి చెప్పిరి, నర్సులు చెప్పిరి, రైల్వేలో పనిచేయువారు చెప్పిరి. సాఫ్ట్‌వేరు పనివారు కూడ ఏదైన చెప్పవలెనని పెద్దలు కోరినప్పుడు మాలో కొందరము కూర్చుండి మాటలాడుకొంటిమి. కంప్యూటరు గొప్పతనమును వర్ణించుటకు మేము రాలేదు. అది మీ యిండ్లలోను మీ చేతులలోను ఉన్నదే. మా పనిలో ఒక చిక్కు గలదు. అది మా యిండ్లను కూడ తాకుచున్నది గనుక దానినే చెప్పవలెనని నిర్ణయించుకొంటిమి. చదువుచున్నది మాలో ఒకరేయైనను మాట అందరిదియు.

కోడు బాగుగా వ్రాయువానికి ఐదారేండ్లకో ఎనిమిదేండ్లకో టీమ్ లీడ్ అను బాధ్యతను అప్పగింతురు. ఆనాటినుండి అతడు నలుగురినో ఎనమండుగురినో నడుపవలెను. ఎవరికి ఏ పని ఇయ్యవలెనో చూడవలెను, వారి పనిని పరీక్షింపవలెను, పైవారికి లెక్క చెప్పవలెను, అమెరికాలోనున్నవారితో మాటలాడవలెను. అయితే కోడు వ్రాయుట మానుమని అతనితో ఎవరును చెప్పరు. పాత పని పోదు, క్రొత్త పని దానిమీద వచ్చి కూర్చుండును. పేరు పెరుగును, జీతము కొంత పెరుగును, దినమునకున్న గంటలు మాత్రము పెరుగవు. ఇంటియొద్ద తల్లి అడుగును: "ఏరా, పెద్ద ఉద్యోగమైంది గదా, ఇంకా రాత్రుళ్లు ఆ పెట్టె ముందే కూర్చుంటావేం?" ఆ ప్రశ్నకు తగిన జవాబు చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ముందు కోడు వ్రాయుట ఎట్టి పనియో కొంచెము వివరింతుము. కోడు అనగా యంత్రమునకు వ్రాసి యిచ్చు ఆజ్ఞల వరుస. మీరు ఫోనులో రైలు టిక్కెట్టు కొనునప్పుడు ఒకే బెర్తు ఇద్దరికి అమ్ముడుపోకుండ కాయునది ఎవరో ఒకరు ఎప్పుడో వ్రాసిన కోడే. దానిని వ్రాయువాడు అనేక సంగతులను ఒక్కసారే తలలో నిలుపుకొనవలెను. ఇద్దరు ఒకే క్షణమున మీట నొక్కినయెడల ఏమగును? డబ్బు కట్టిన పిమ్మట ఫోను ఆగిపోయినయెడల ఏమగును? బెర్తు ఇచ్చి డబ్బు రానియెడల ఏమగును? ఇవన్నియు తలలో కుదురుకొనుటకు అరగంటయో ముప్పావుగంటయో పట్టును. మధ్యలో ఒకరు వచ్చి, "అన్నా, ఒక్క నిమిషం" అని పిలిచినయెడల పోవునది ఆ ఒక్క నిమిషము కాదు, ముందటి అరగంట అంతయు పోవును. పుల్లలతో గూడు కట్టుచున్న పిట్టను లేపినట్లు.

జట్టును నడుపు పని దీనికి పూర్తిగా వేరైనది. ఆ పనియంతయు "ఒక్క నిమిషము"లతోనే జరుగును. ఒకనికి దారి తెలియక ఆగిపోయినాడు, అతనికి రెండు మాటలు చెప్పవలెను. ఒకామెకు సెలవు కావలెను. ఇద్దరికి మాట పట్టింపు వచ్చినది. కొనుగోలుదారుడు నిన్నటి మాట నేడు మార్చినాడు. ఇట్టి పనులకు అడ్డములు రాకుండ తలుపు వేసికొని కూర్చుండువాడు నాయకుడే కాడు. పాల్ గ్రాహమ్ అను అమెరికా దేశస్థుడు 2009లో వ్రాసిన ఒక వ్యాసములో ఈ భేదమును చక్కగా చూపించెను. వస్తువును చేయువాని గడియారము వేరు, పనిని నడిపించువాని గడియారము వేరు. చేయువాడు దినమును రెండు సగములుగా చూచును, నడిపించువాడు గంట గంటగా కోసుకొనును. మధ్యాహ్నము మూడు గంటలకు పెట్టిన చిన్న మీటింగు నడిపించువానికి ఒక గంట ఖర్చు, చేయువానికి ఆ పూటంతయు ఖర్చు. టీమ్ లీడ్ చేతికి ఈ రెండు గడియారములును కట్టబడియున్నవి. ఒకదానిని చూచి నడచినయెడల రెండవది తప్పు చూపును.

ఇది మన దేశములో పుట్టిన చిక్కు కాదు, క్రొత్తదియు కాదు. ఐ.బి.ఎమ్. సంస్థలో 1960వ దశకమున ఓ.ఎస్. 360 అను మహాకార్యమును నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్, ఆ అనుభవమునుండి 1975లో ఒక పుస్తకము ప్రచురించెను. ఆలస్యమైన పనికి మనుష్యులను ఇంకను చేర్చినయెడల అది మరింత ఆలస్యమగునని ఆయన చెప్పిన మాట మా వృత్తిలో సామెతవలె నిలిచిపోయినది. దానికి కారణములలో ఒకటి ఒక చిన్న లెక్క. ఐదుగురున్న జట్టులో ఇద్దరిద్దరు మాటలాడుకొను దారులు 10. ఎనమండుగురైనచో 28. పదిమందియైనచో 45. మనుష్యులు రెట్టింపైతే మాటలు నాలుగింతలకు మించును. ఆ దారులలో ఎక్కువ భాగము లీడ్ బల్లమీదుగానే పోవును. నలుగురి జట్టులో సగము దినము కోడు వ్రాసినవాడు పదిమంది జట్టులో గంటయైన వ్రాయలేకపోవుటకు అతని సోమరితనము కారణము కాదు.

బ్రూక్స్ ఆ పుస్తకములోనే ఒక ఉపాయము చెప్పెను. అది హార్లన్ మిల్స్ అను వాని ఆలోచన. శస్త్రచికిత్స చేయు గదిలో ఒక్క సర్జనే కత్తి పట్టును, తక్కినవారు అతనికి తోడుగా నిలుతురు. అట్లే పదిమంది జట్టులో ముఖ్యమైన కోడు ఒక్కడే వ్రాయవలెను. డబ్బు, మనుష్యులు, గదులు, యంత్రములు, ఈ వ్యవహారమంతయు చూచుకొనుటకు వేరొక నిర్వాహకుడుండవలెను. గమనింపుడి, కత్తి పట్టినవాని చేతికి లెక్కల పుస్తకము ఇయ్యకూడదని ఆయన అప్పుడే గ్రహించెను. మన కాలమున సంస్థలు రెండును ఒకని చేతికే ఇచ్చి, పైగా దానిని పొదుపు అనుకొనుచున్నవి.

అయినను ఆ సర్జను పోలిక మాకు పూర్తిగా నచ్చలేదు. సర్జను ప్రక్కన నిలిచినవారు నేర్చుకొందురు గాని ఎప్పటికిని ప్రక్కననే నిలిచియుండవలసి వచ్చును. మన ఊరి దర్జీ కొట్టు మాకు ఇంతకంటె దగ్గరగా కనబడుచున్నది. క్రిస్మసుకు పది దినములు ముందు ఆ కొట్టును చూడుడి. కటింగ్ మాస్టరు కొలతలు తీసికొనును, సుద్దతో గీత గీయును, కత్తెర వేయును. కుట్టుట కుర్రవాండ్ర పని. కుట్టు వంకరపోయినయెడల విప్పి మరల కుట్టవచ్చును. కత్తెర వంకరపోయినయెడల బట్టయే పోవును. అందుచేత మాస్టరు కత్తెరను మరియొకని చేతికి ఊరక ఇయ్యడు. కాని పండుగ తొందరలో మాస్టరే మిషను మీద కూర్చుండి ఒక కోటు మొదలుపెట్టినయెడల ఏమగును? నలుగురు కుర్రవాండ్రు కత్తిరించిన బట్ట లేక చేతులు కట్టుకొని కూర్చుందురు. ఆ కోటు ఎంత అందముగా వచ్చినను కొట్టు పని ఆగిపోయినదే.

మా పనిలో కూడ కత్తెర పని యున్నది. వివరములను ఏ రూపములో దాచవలెను, ఒక భాగము మరియొక భాగమును ఏమని అడుగవలెను, ఏది ఎవరి హద్దు, ఇటువంటివి. ఒకసారి లక్షలమంది లెక్కలు ఆ రూపములో చేరిన పిమ్మట దానిని మార్చుట మిక్కిలి కష్టము. ఈ నిర్ణయములను లీడ్ విడువకూడదు. జూనియర్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఎందుకు ఇట్లు కోసినామో చెప్పుచు చేయవలెను. కుట్టు పనిలో మాత్రము తనకొరకు ఎవరును ఎదురుచూడని దానినే తీసికొనవలెను. మేము చెప్పదలచిన మాట ఇంతే, తక్కినదంతయు దీని వివరణమే.

మేమెరిగిన ఒక జట్టులో జరిగినది చెప్పుదుము. డబ్బు చెల్లింపుల భాగము కష్టమైనదని లీడ్ దానిని తనయొద్దనే ఉంచుకొనెను. మంచి మనస్సుతోనే, కుర్రవాండ్రకు భారము కాకూడదని. కాని ప్రొద్దుటినుండి సాయంకాలము వరకు అతనికి మీటింగులే. ఆ భాగము మీద ఆధారపడిన ముగ్గురు మంగళవారమునుండి శుక్రవారము వరకు ఏవేవో చిన్న పనులు చేయుచు కాలము గడిపిరి. శని ఆదివారములు అతడు ఇంటిలో కూర్చుండి వ్రాసి ముగించెను. పైవారు మెచ్చుకొనిరి. తరువాత కొన్ని నెలలకు అతని తండ్రికి ఆపరేషను జరిగినప్పుడు ఆ భాగములో లోపము వచ్చినది. దానిని ఎరిగినవాడు మరియొకడు లేడు. ఆసుపత్రి వరండాలో కుర్చీమీద కూర్చుండి, మోకాళ్లమీద ల్యాప్‌టాప్ పెట్టుకొని అతడు దానిని సరిచేసెను. ఆ ముగ్గురు కుర్రవాండ్రలో ఒకడు అప్పటికే వేరొక ఉద్యోగము చూచుకొని వెళ్లిపోయెను. ఇక్కడ నాకు కష్టమైన పని ఎవరును ఇయ్యరు అనునది అతడు చెప్పిన కారణము. లీడ్ జాలిపడి తీసికొన్న భారమే కుర్రవానికి కొరత యైనది.

కనుక లీడ్ ఏ కోడు వ్రాయవలెనని మమ్మును అడిగినయెడల, తేదీ తరుముచున్న దానిని మాత్రము వలదందుము. క్రొత్త మార్గము పనికివచ్చునో లేదో తెలిసికొనుటకు వ్రాసి పారవేయు నమూనా అతడు వ్రాయవచ్చును. జట్టంతటికి ప్రతిదినము విసుగు పుట్టించుచున్న చిన్న లోపమును సరిచేయవచ్చును. పరీక్షలను త్వరగా నడుపు పనిముట్టు చేయవచ్చును. ఎవరును ముట్టని పాత కోడును శుభ్రము చేయవచ్చును. ఇవి నాలుగు దినములు ఆగినను ఎవరి పనియు ఆగదు. ఇంకొకటి. రాత్రివేళ యంత్రము చెడినప్పుడు లేచి చూచు వంతు ఒకటి ప్రతి జట్టులో నుండును. ఆ వంతునుండి లీడ్ తప్పించుకొనకూడదని మా అభిప్రాయము. రెండు గంటల రాత్రి లేచినవానికే ఏ కోడు ఎక్కడ నొప్పించునో తెలియును. మీటింగులలో కూర్చున్నవానికి అది ఎన్నడును తెలియదు. ఈ మాటమీద మాలో అందరును ఏకీభవించలేదని కూడ చెప్పవలెను. పగలు మోయుచున్న భారము చాలదా అనిన సహోదరీ ఒకరున్నారు, ఆమె మాటలోను న్యాయమున్నది.

చేతి పనిని పూర్తిగా విడిచినయెడల ఏమి నష్టమని కొందరు అడుగుదురు. రెండేండ్లు కోడు ముట్టనివాడు, ఈ పని ఎన్ని దినములు పట్టునని అడిగినప్పుడు, తన కాలపు లెక్క చెప్పును. రెండు దినములు అనును, వారము పట్టును, కుర్రవాండ్రు రాత్రులు కూర్చుందురు. నాయకుని చేతికి మన్ను అంటక పోవుటవలన కలుగు నష్టము ఇట్లు క్రిందివారి నిద్రమీద పడును.

లైనస్ టోర్వాల్డ్స్ పేరు మీలో చదువుకొనుచున్న యౌవనస్థులు వినియుందురు. 1991లో ఫిన్లాండులో విద్యార్థిగా నున్నప్పుడు లైనక్సు అను దానిని తన చేతితో మొదలుపెట్టెను. నేడు మీ ఆండ్రాయిడు ఫోనుల అడుగున నున్నది అదే. తాను ఇప్పుడు వ్రాయు కోడు స్వల్పమనియు, తన పనియంతయు ఉత్తరములు చదువుట, ఇతరుల కోడును చేర్చుకొనుటయో త్రోసివేయుటయో అనియు ఆయనయే అనేకమారులు చెప్పియున్నాడు. అయినను ఆ కోడును చదువగల కన్ను ఆయనకు పోలేదు. ఇతరుల పనిని కలిపికొనుటకు తగిన పనిముట్టు లేదని తోచినప్పుడు 2005లో గిట్ అను దానిని తానే వ్రాసెను, తరువాత కొన్ని నెలలకే దాని కాపుదలను మరియొకరికి అప్పగించెను. మా పనిముట్ల పని అని మేము పైన చెప్పినది ఇట్టిదే. (ఆయనకు ప్రతిదినము పది గంటలకు లెక్క అడుగు మేనేజరు లేడు, అది వేరు సంగతి.)

ఇప్పుడు ఇతరుల కోడును చదువుట అను పనికి వచ్చుచున్నాము. దీనిని రివ్యూ అందురు. జూనియరు వ్రాసినదానిని మరియొకరు చదివి సరే అన్నగాని అది లోపలికి పోదు. మైకేల్ ఫేగన్ అను వాడు ఐ.బి.ఎమ్.లో ఈ పరీక్షకు ఒక క్రమము ఏర్పరచి 1976లో ప్రచురించెను. అంతకు ముందే, 1971లో, జెరాల్డ్ వైన్‌బర్గ్ అను వాడు తన గ్రంథములో, వ్రాసినవాడు కోడును తన పిల్లవానివలె కాపాడుకొనక అందరియెదుట పెట్టవలెనని బోధించెను. లీడ్‌గా మాకు తెలిసినది ఏమనగా, దినమంతటిలో మొదటి పని ఇదియే కావలెను. మన కోడు ఆగినయెడల ఒక్కరి పని ఆగును. చదువవలసినది ఆగినయెడల ఇద్దరు ముగ్గురి పని ఆగును, వారు మరియొకటి మొదలుపెట్టుదురు, రెండు దినములకు తిరిగి వచ్చునప్పటికి వ్రాసినది మరచిపోవుదురు.

చదువుటలో ఒక శోధన యున్నది. కుర్రవాడు వంద వరుసలలో వ్రాసినదానిని మనము ముప్పదింటిలో వ్రాయగలమని చేయి దురదపెట్టును. తిరిగి వ్రాసి ఇచ్చుట గంట పని. ఎందుకు ఇట్లు వ్రాసితివని అడిగి, వాని నోటనే మార్గము రప్పించుట రెండు గంటల పని. మొదటిది చేసినయెడల ఆ గంట ప్రతి వారము మరల ఖర్చగును. రెండవది చేసినయెడల కొన్ని నెలలకు ఆ కుర్రవాడే మరియొకని కోడు చదువును, మన బల్లమీద కుప్ప తగ్గును.

ఇక గంటల విషయము. మాలో కొందరి జట్లలో వారమునకు మూడు దినములు ప్రొద్దుట పది గంటలనుండి పన్నెండున్నర వరకు మీటింగు పెట్టకూడదని అందరును ఒప్పుకొన్నారు. లీడ్‌కు మాత్రమే గాక అందరికిని. ఆ సమయమున ఎవరికైన ప్రశ్న వచ్చినయెడల జట్టులో ఒకరు వంతుగా జవాబు చెప్పుదురు. ఒక దినము ఒకరు, మరుదినము మరియొకరు. ఇందులో చిత్రమేమనగా, లీడ్‌ను తప్ప ఎవరిని అడుగవలెనో తెలియదనుకొన్న ప్రశ్నలలో అనేకములకు ప్రక్క కుర్చీలోనే జవాబు దొరికెను. ప్రతిదినము నిలువబడి చేయు కూటమును పదిహేను నిమిషములు దాటనియ్యక భోజనమునకు ముందు పెట్టుకొన్నాము. అప్పుడు ఆకలియే గడియారమువలె పనిచేయును. నలుగురి జట్టైనయెడల లీడ్ తన కాలములో సగము కోడుకు ఇయ్యవచ్చును. ఎనమండుగురైనచో అయిదవ వంతు దొరికినను మేలే. అంతకు మించిన జట్టులో, నేను కోడు వ్రాయుదునని పంతము పట్టువాడు రాత్రులను అమ్ముకొనుచున్నాడని మా తలంపు.

రాత్రులు అంటిమి గనుక హైదరాబాదు సంగతి చెప్పకపోవుట న్యాయము కాదు. సైబర్ టవర్స్ 1998లో తెరచినది మొదలు మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల పనిలో అధిక భాగము అమెరికావారి కొరకే. న్యూయార్కులో ప్రొద్దుట తొమ్మిదియైనప్పుడు మనకు వేసవిలో సాయంత్రము ఆరున్నర, చలికాలమున ఏడున్నర. కాలిఫోర్నియాలో తొమ్మిదియైనప్పుడు మనకు వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలమున పదిన్నర. ఆ సమయమున మాటలాడుటకు జట్టులో ఎవరిని పిలుతురు? లీడ్‌నే. అనగా అక్కడి పనికి తగిన నడిపింపు రాత్రి, ఇక్కడి జట్టుకు తగిన నడిపింపు పగలు, మధ్యలో కోడు. పిల్లవాని లెక్కలు చూచుచు చెవిలో ఫోను పెట్టుకొన్న తల్లులు మా సంఘములోనే యున్నారు. క్వయరు అభ్యాసమునకు రాలేకపోవుచున్న కంఠములు ఎవరివో మీకు తెలియును. దీనికి మేము కనుగొన్నది చిన్న ఉపాయమే. వారమునకు రెండు రాత్రులకు మించి లీడ్ ఆ కాల్‌లో కూర్చుండడు, తక్కిన రాత్రులు వంతువారీగా జట్టులో నొకరు కూర్చుండి నాలుగు వరుసలు వ్రాసి పంపుదురు. అవతలివారు మొదట గొణిగిరి. కొన్ని వారములకు, వ్రాసి పంపినది చదువుటయే తేలిక అనిరి. అన్ని సంస్థలలో ఇది సాగదు. సాగిన చోట ఇండ్లలో భోజనపు వేళ మారినది.

ఈ మూడు నాలుగేండ్లలో మరియొక మార్పు వచ్చినది. 2022 నుండి యంత్రమే కోడు వ్రాసి యిచ్చు సాధనములు అందరి చేతికి వచ్చినవి. మీలో అనేకులు మమ్మును అడుగుచున్నారు, మీ ఉద్యోగములు పోవునా అని. దానికి జవాబు ఈ ప్రసంగములో చెప్పలేము. మా విషయమునకు సంబంధించినంతవరకు మేము చూచుచున్నది ఇది. వ్రాయుట త్వరపడినది, చదువుట త్వరపడలేదు. ఒక దినములో రెండు వందల వరుసలు తెచ్చు కుర్రవాడు ఇప్పుడు వేయి వరుసలు తెచ్చుచున్నాడు, వానిని చదువవలసిన కన్నులు అవే రెండు. దీనిని ఎందుకు ఇట్లు చేసితివని అడిగినయెడల, అది అట్లు ఇచ్చినది అను జవాబు వచ్చుచున్నది. ఆ జవాబు వచ్చిన కోడును మేము లోపలికి రానియ్యము. యంత్రము తెచ్చిన బట్టనైనను కొలత చూచువాడు మనిషే. మరొక ప్రక్కన లీడ్‌కు మేలును జరిగినది. రెండు మీటింగుల మధ్య దొరికిన అరగంటలో, మునుపు మొదలుపెట్టుటకే చాలని కాలములో, చిన్న నమూనా ఒకటి చేసి చూడగలుగుచున్నాడు. ఆ తేలికను చూచి మరల తేదీ తరుముచున్న పనిని నెత్తిన వేసికొనువారును ఉన్నారు.

సంస్థలు ఏమి లెక్కపెట్టునో దానినిబట్టి మనుష్యులు నడతురు. మేమెరిగిన ఒక సంస్థలో, పేరు చెప్పుట తగదు, ఏడాది చివర లీడ్‌ను ముందుగా అడిగిన ప్రశ్న నీవు ఎంత కోడు వ్రాసితివి అనునది. జట్టులో ఇద్దరు జూనియర్లు ఆ యేడు స్వతంత్రముగా పనిచేయు స్థితికి వచ్చిరి. ఆ మాట వ్రాయుటకు కాగితములో గడియే లేదు. మరుసటి యేడు ఆ లీడ్ ఏమి చేసెనో మీరే ఊహింపవచ్చును. కష్టమైన పనియంతయు తనయొద్ద ఉంచుకొనెను. అతని పేరు పైకి వచ్చెను, ఆ ఇద్దరును వెళ్లిపోయిరి. మనలో మేనేజర్లుగా నున్న పెద్దలకు మా మనవి ఒకటే: ఎవరు వ్రాసిరో అడిగినప్పుడు ఎవరు నేర్పిరో కూడ అడుగుడి.

కడపట, ఈ పదవి అందరికి తగినది కాదనియు చెప్పవలెను. చారిటీ మేజర్స్ అను అమెరికా ఇంజనీరు 2017లో ఒక వ్యాసము వ్రాసి, ఇంజనీరు పనికి మేనేజరు పనికి మధ్య గడియారపు లోలకమువలె కొన్నేండ్లు ఇటు కొన్నేండ్లు అటు తిరుగుట మేలని చెప్పెను. కొన్ని పెద్ద సంస్థలలో రెండు నిచ్చెనలు వేసియున్నారు. మనుష్యులను నడుపకుండనే కోడు నేర్పుతో పైకి ఎక్కవచ్చును, జీతమును ఎక్కును. లీడ్‌గా రెండేండ్లు చేసి మరల కోడుకు తిరిగి వచ్చినవారు మాలో ఇద్దరున్నారు. పనిలో వారికి గౌరవము తగ్గలేదు. తగ్గినది పెండ్లి చూపులలో. అక్కడ పిల్లవాడు ఏమి చేయునని అడుగరు, "అబ్బాయి క్రింద ఎంతమంది పనిచేస్తారు?" అని అడుగుదురు. ఎవరును లేరనినయెడల కాఫీ గ్లాసు బల్లమీద పెట్టు చప్పుడు మారును.

యౌవనస్థులారా, ఈ పదవి మీకు ఇత్తుమని పిలిచినప్పుడు జీతము అడుగుడి, తప్పులేదు. దానితోకూడ జట్టులో ఎంతమంది, రాత్రి కాల్స్ వారమునకు ఎన్ని, ఇప్పుడు మీచేతిలోనున్న కోడు ఎవరికి అప్పగింపవలెను, ఎప్పటిలోగా, అని అడుగుడి. ఆ చివరి ప్రశ్నకు పేరు, తేదీ చెప్పగలిగినవారియొద్ద చేరుడి. తరువాత చూచుకొందము అనినయెడల, ఆ చూచుకొనుట మీ యింటిలో రాత్రి పదకొండు గంటలకు జరుగునని తెలిసికొనుడి. ప్రశ్నలు అడుగదలచినవారు భోజనముల తరువాత మాయొద్దకు రావచ్చును. మాలో నలుగురము వేపచెట్టు క్రింద కూర్చుందుము.